బూజుకు పసుపునీళ్లు

బూజు కనబడితే కడిగి పారేస్తారు గానీ ఎవరైనా పెంచుతారా అని సొంతూరు అత్తిముగంలో అంబికను చూసి నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేది ఆమె. హోసూరులో ఆమె పనిచేసే, అనంతకుమార్ నడిపే చిన్న కంపెనీకి ప్రాణం ఆ బూజే. నిమ్మగడ్డి నూనెలో ముక్కును పొడిచే ఘాటు సిట్రాల్ అనే పదార్థానిది. బూజు పెరిగే నీళ్లలో ఆ నూనెను చుక్కచుక్కగా వదిలితే, అది సిట్రాల్‌ను జెరానియాల్‌గా మార్చేస్తుంది. మూత తీస్తే గులాబీ వాసన. ఎక్కడెక్కడి బూజులో తెచ్చి చూశారు, ఘాటుకు అన్నీ చచ్చాయి. తట్టుకున్నది ఒక్కటే. దాన్ని అంబిక తన తండ్రి వెంకటరామప్ప కొట్టం వెనక, నూనె తీసి పారేసిన గడ్డి కుప్పలోంచి గిల్లి తెచ్చింది.

ఆ ధైర్యంతోనే తండ్రి చేత టమాటా మానిపించి చేనంతా నిమ్మగడ్డి పెట్టించింది. కంపెనీ కొననంటే ఆ గడ్డికి పశువు కూడా మూతి పెట్టదు.

ఆయుధపూజ వచ్చింది. నాగలికీ కొడవలికీ పసుపునీళ్లు చల్లి బొట్టు పెట్టే ఇంట్లో పుట్టిన మనిషి. కంపెనీలో అందరూ మిషన్లకు పూలు కడుతుంటే ఆమెకు మనసు ఊరుకోలేదు. కూడు పెట్టేది బూజైతే పూజ మిషన్లకా? ఫ్రిజ్‌లో ఆ బూజును దాచిన గాజు గొట్టాలన్నీ, ఒక్కటీ మిగల్చకుండా తెచ్చి పటం ముందు పెట్టింది. అనంతకుమార్ హారతి ఇచ్చాడు. ఆమె మామిడాకుతో పసుపునీళ్లు చల్లింది. గొట్టాలకు మూతగా పెట్టిన దూది తడిసింది.

దూది పొడిగా ఉన్నంతసేపే కాపలా. తడిస్తే గాలిలోని చెత్తంతా లోపలికి దిగుతుంది. పనిలో చేరినవాళ్లందరికీ ఆ మాట నేర్పింది ఆమే. ఆ రోజు మాత్రం చేతిలో ఉన్నది నీళ్లని తోచలేదు, పసుపని తోచింది. పైగా పూజలో పెట్టినవాటిని పండగ దాటేదాకా కదపకూడదాయె.

సెలవులు ముగిసి వచ్చేసరికి గొట్టాల నిండా ఏదో నల్లటి బూజు కమ్ముకుని ఉంది. పండగకని బూజు పెంచే తొట్టి కూడా కడిగేసి ఉన్నారు. అంబిక తిండి మాని కూర్చుని, పాతదాన్ని వేరుచేయాలని చూసింది. పెరిగిందేదీ నూనె చుక్క పడితే బతకలేదు. చేజేతులా చంపుకున్నానని ఆమె గొట్టాల ముందే ఏడ్చింది.

అనంతకుమార్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "హారతిచ్చింది నేనే కదమ్మా," అన్నాడు. "అది పుట్టిన కుప్ప ఆడనే ఉంటాది. పోయి తీసుకురా."

ఆ మాట పట్టుకుని ఆమె బస్సెక్కింది. అదొక్కటే మిగిలిన ఆశ. చేలో గడ్డి నడుమెత్తు లేచి ఉంది. ఇంట్లోకి కూడా పోకుండా కొట్టం వెనక్కి నడిచింది.

గోడ తెల్లగా మెరుస్తోంది. నేల అలికి ముగ్గు పెట్టి ఉంది. ఇల్లలకగానే పండగ కాదంటారు. అంబిక కుప్ప కోసం అటూ ఇటూ వెతికింది.

వెంకటరామప్ప నవ్వుకుంటూ వెనకే వచ్చాడు. "మనకు కూడు పెట్టే బూజు పుట్టిన తావు కదమ్మా. పండగపూట గబ్బుగా ఉంటే బాగుండదని కుప్ప కాల్చేసి, సున్నం కొట్టినాను. పసుపునీళ్లు కూడా చల్లినాను."

బూడిద ఎక్కడని ఆమె అడిగింది. చేలో చల్లేశాడట. గడ్డి కోతకొచ్చింది, ఎప్పుడు కొయ్యమంటావని ఆయన అడిగాడు. అంబిక ఆ తెల్లగోడకు ఆనుకుని కూలబడింది. ఆ గడ్డిని కొనేవాళ్లు ఇక లేరని ఆ ఊళ్లో ఆమెకొక్కదానికే తెలుసు.