ఒకటో నంబరు డిస్కు

గంట మాస్టారి గొంతు పోయింది ఒక బుధవారం పొద్దున పదకొండింటికి. ఆపరేషన్ గది బయట బెంచీ మీద నేను, అతని భార్య కూర్చుని ఉన్నాం. గొంతులో పుండు ముదిరింది, స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టరు ముందే చెప్పాడు. అయినా సాయంత్రం అతను నా వైపు చూసి నోరు తెరిచినప్పుడు గాలి తప్ప ఏమీ రాకపోయేసరికి నేను వరండాలోకి వచ్చేశాను.

మేమిద్దరం ఒకే బడిలో ఇరవై ఆరేళ్లు పనిచేశాం. నేను లెక్కలు, అతను చరిత్ర. అతను పాఠం చెబుతుంటే పక్క గదిలో నా పిల్లలు కూడికలు మానేసి యుద్ధాలు వినేవాళ్లు. గంట మాస్టారన్న పేరు వాళ్లు పెట్టిందే.

ఆపరేషన్‌కు ముందు పది రోజులు అతను పాత లాప్‌టాప్ ముందు కూర్చుని తన గొంతు రికార్డు చేశాడు. అది ఉంటే, టైపు చేసిన మాటను కంప్యూటరు అతని గొంతుతోనే పలుకుతుందని ఆసుపత్రిలో చెప్పారు. పాత లాప్‌టాప్ ఆ పనికి చాలదు. విడిభాగాలు కొని కొత్తది నేనే కూరుస్తానన్నాను.

అప్పటిదాకా ఇంట్లో పలకే దిక్కు. అతని భార్యకు చూపు సరిగా ఆనదు.

"ఇన్నేళ్లూ వాగి చంపాడన్నయ్యా, ఇప్పుడు రాసి చంపుతున్నాడు. నాకా పలక కనపడుతుంది గానీ అక్షరం కనపడదు," అంది.

అతను గబగబా రాసి పలక నా ముందు పెట్టాడు. పైకి చదివాను: "నా మాట వినే పని తప్పిందని లోపల సంబరమే."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, "నీ గొంతుతో వద్దన్నయ్యా. ఆయన గొంతుతో తిట్టించు," అంది.

"ఆటలకా, ఆఫీసు పనికా మాస్టారూ?" అని అడిగింది కంప్యూటరు విడిభాగాల దుకాణంలో అమ్మాయి.

"మాట్లాడటానికి."

ఎగాదిగా చూసింది. సంగతి చెప్పాక, చప్పుడు చేయని ఫ్యాను వెతికి తెచ్చింది. నేను ఎంచుకున్న ప్రాసెసరు మాత్రం పక్కన పెట్టేసింది. "ఇది ఆ బోర్డులో కూర్చోదు. చెప్పు నచ్చిందని కాలు కోసుకుంటామా?"

డిస్కు దగ్గర నేను పట్టుబట్టాను. లాప్‌టాప్‌లోది ఎంతదో సరిగ్గా అంతది, అదే కంపెనీది కొన్నాను. పాతదాంట్లోని గొంతుకు కొత్తదాంట్లో ఒక నకలు ఉంటుంది, ఒకటి పాడైనా ఇంకొకటి మిగులుతుంది. అదీ నా ముందుచూపు.

ఆదివారం వాళ్లింట్లో బల్ల మీద కూర్చడం మొదలుపెట్టాను. లాప్‌టాప్ నుంచి పాత డిస్కు ఊడదీశాను. హాజరు పట్టీ అలవాటు కొద్దీ కొత్త డిస్కుకు 1 అని, పాతదానికి 2 అని చీటీలు అంటించి, రెండూ బిగించాను. "స్క్రూ మిగిలితే మార్కులు కోస్తా," అని పలక మీద రాశాడతను.

తెర వెలిగింది. ఏ డిస్కు చెరిపి సిస్టం ఎక్కించాలని అడిగింది. కింద రెండే వరుసలు: 0, 1. సైజు రెండిటికీ ఒకటే. నా కళ్లు 1 దగ్గర ఆగాయి. నొక్కాను.

అరగంటకు అంతా సిద్ధమైంది. అతను చప్పట్లు కొట్టాడు. నకలు తీద్దామని ఇంకో డిస్కు తెరిచాను. ఖాళీగా ఉంది. మూసి మళ్లీ తెరిచాను. ఖాళీయే. అప్పుడు అర్థమైంది, యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతుందని. దాని ఒకటి నా రెండు. నేను చెరిపింది అతని గొంతు ఉన్న పాత డిస్కునే. ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పినవాణ్ని.

అతను టైపు చేయడానికి కుర్చీ దగ్గరికి జరుపుకుంటున్నాడు.

"స్పీకరు మరిచిపోయానురా. రేపు తెస్తా," అన్నాను. పాత డిస్కులో ఏదో సరిచూడాలని చెప్పి ఊడదీసుకుని వచ్చేశాను.

మర్నాడు దుకాణం అమ్మాయి చాలాసేపు ప్రయత్నించింది. చివరికి చేతులు బల్ల మీద పెట్టి, "ఈ రకం డిస్కులో చెరిపింది తిరిగి రాదు మాస్టారూ. ఇంకెక్కడా పెట్టుకోలేదా?" అంది.

తల అడ్డంగా ఊపాను.

ఇవాళ గురువారం. పొద్దున అతని భార్య ఫోన్ చేసింది. "పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటున్నాడన్నయ్యా. ఎప్పుడు మాట్లాడతాడు?"

"స్పీకరు రావాలమ్మా," అన్నాను.

స్పీకరు సోమవారమే కొన్నాను. గొంతు చెరిగిపోయిందని అతనికి ఇంకా చెప్పలేదు.