కానుకిచ్చిన ఎర్రపెట్ట

కోత పండుగ ఆదివారం పొద్దున్నే మార్తమ్మ కోళ్ల గంప ముందు గొంతుక్కూర్చుంది. గంపలో రెండు పెట్టలున్నాయి. చుక్కలది కుంటిది, గుడ్డు పెడితే ఆ రోజు పండగే. ఎర్రది మాత్రం పిలిస్తే పలుకుతుంది. మార్తమ్మ మిరపకాయల కోతకి బయల్దేరితే వీధి చివరిదాకా సాగనంపుతుంది. ఈ మధ్య గంపలో గుడ్డు పెట్టడం మానేసినా, కళ్లాల్లో జనం గోలకి బెదిరిందిలే అనుకుందామె.

సొంత చేను లేదు గనుక పండుగకి అందరిలా చర్చిలో పంట ఇచ్చుకోలేదు. ఏటా కోడినే కానుకిస్తుంది.

"కుంటిదాన్నిచ్చినా దేవుడేమీ అనడు. నాకే ముద్ద దిగదు," అనుకుంటూ ఎర్రదాని కాళ్లకు తాడు కట్టింది. కట్టినంతసేపూ దాని మొహం చూడలేదు.

ఆరాధన అయ్యాక చర్చి ముందు కానుకల వేలంపాట జరిగింది. ఊళ్లో అన్ని మతాలవాళ్లూ పాడతారు. ఎర్రపెట్టను ట్రాక్టర్ల మెకానిక్ మీరా హుస్సేన్ పాడుకున్నాడు.

"కొయ్యన్లే మార్తక్కా, గుడ్లకే!" అని నవ్వుతూ చంకన పెట్టుకుపోయాడు.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలోకొచ్చాడు. "అక్కా, నీ కోడి ఇటేమన్నా వచ్చిందా?"

"నా కోడేంది నాయనా, అది నీ కోడి. రాలేదే!"

ఇద్దరూ వీధులన్నీ గాలించారు. ఎక్కడా లేదు. బదులుగా చుక్కలదాన్ని తీసుకోమంటే మీరా హుస్సేన్ ఒప్పుకోలేదు. ఆయన ఒక్క మాటా అనలేదు గానీ, మార్తమ్మ తోడికోడలు సువార్తమ్మ పంపు దగ్గర ఊరుకోలేదు.

"దేవుడికిస్తామని పొలం అమ్మి డబ్బు కొంత దాచుకున్న మొగుడూ పెళ్లాల సంగతి మొన్న చర్చిలో అయ్యగారు చెప్పారే అక్కా! వాళ్లు డబ్బు దాచారు, మనం కోడిని దాచాం. అంతే తేడా!"

బిందెలు పట్టుకున్నవాళ్లంతా నవ్వారు. పెట్టను ఇచ్చినప్పుడు లేని బాధ ఇప్పుడు పట్టుకుంది మార్తమ్మకి. ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాక్కుందన్న మాట పడ్డాక చర్చిలో ముందు చాప మీద కూర్చోలేక గుమ్మం పక్కకి జరిగింది.

"ప్రతిఫలం నేనేమన్నా అడిగానా ప్రభువా? ఉన్న పరువన్నా ఉంచవయ్యా," అని కాస్త కోపంగానే ప్రార్థన చేసింది.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున పొయ్యిలోకని ఇంటెనక కుప్పలోంచి పత్తికట్టెలు లాగబోతే, లోపల్నుంచి ఏదో చేతిని టక్కున పొడిచింది. వంగి చూస్తే ఎర్రపెట్ట! చిక్కి సగమైంది. రెక్కల కిందనుంచి పసుపుపచ్చ తలలు తొంగి చూస్తున్నాయి.

మార్తమ్మకి సంతోషం కంటే ముందు భయమేసింది. అన్ని చోట్లూ వదిలేసి తన దొడ్లోనే దొరకాలా? గోడ పక్క సందులోంచి మీరా హుస్సేన్ దగ్గరికి తీసుకెళ్తే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం సందు వైపు చూసింది. తల్లినీ పిల్లల్నీ గంపలో పెట్టుకుని, పంపు ముందునుంచే నడిచింది.

"దొరికిందా దాచిన సొమ్ము!" అంది సువార్తమ్మ.

"దొరికింది, వడ్డీతో సహా! సాక్ష్యానికి నువ్వూ రా."

మీరా హుస్సేన్ షెడ్డులో పాస్టరు ప్రభు అయ్యగారు బైకు బాగుచేయించుకుంటున్నారు. కట్టెల కుప్పలో దొరికిందని మార్తమ్మ చెప్పగానే మీరా హుస్సేన్ గంపలోకి చూసి పగలబడి నవ్వాడు.

"అదీ సంగతి! గుడ్లన్నీ నీ కట్టెల్లో పెట్టుకుని, నా ఇంట్లో ఎట్టా ఉంటదక్కా? పొదగడానికి పారిపోయింది."

సువార్తమ్మ పైట చెంగు సర్దుకుంది. "పిచ్చిముండ, తిండీ తిప్పలూ లేకుండా కూర్చున్నట్టుంది," అంది, ఎవరి మొహమూ చూడకుండా.

"తల్లినీ పిల్లల్నీ నువ్వే సాకు అక్కా, పాలుకి. పెద్దయ్యాక పిల్లల్లో సగం నీవి, సగం నావి," అన్నాడు మీరా హుస్సేన్. ఒకరి పెట్టను ఇంకొకరు సాకితే ఆ ఊళ్లో పద్ధతి అదే.

మార్తమ్మ వెనక్కి తగ్గింది. "దేవుడికిచ్చినదాన్ని మళ్లీ ఇంటికెట్టా తెచ్చుకోనయ్యగారూ?"

"నువ్విచ్చింది ఇచ్చేశావమ్మా. ఇప్పుడాయనే నీకు పాలుకిచ్చాడనుకో."

"అయితే ఆయనకీ సగం ఇవ్వాలా?"

"ఆయన ఎప్పటిలా పదోవంతుతో సరిపెట్టుకుంటాడులే!" అన్నారు అయ్యగారు. షెడ్డంతా నవ్వులే.

తిరుగుదారిలో గంప ఒక చెవి సువార్తమ్మే పట్టుకుంది. కొంత దూరం వెళ్లాక నెమ్మదిగా అంది, "అక్కా, వచ్చే పండక్కి ఇచ్చేముందు కట్టెలు ఒకసారి వెతుక్కో."

"వెతకను," అంది మార్తమ్మ. "ఈసారి వెతికుంటే, ఇవన్నీ ఆ రోజే పెనం మీద గుడ్డట్లయ్యేవి."