మీ బిడ్డ గిరీష్

పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే గిరీష్ పక్కనే నిలబడి ఉన్నాడు. నేను తడి జుట్టుతో స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చి గ్యాస్ కట్టేశాను.

"కండ్ల ముందరే పొంగిపోతాంటే కట్టెయ్యకూడదా?" అన్నాను.

"పాలు ఈ పొద్దు నాకియ్యలేదు కదా నువ్వు. నాది కసువు చిమ్మేది," అన్నాడు గిరీష్, ఎవరి పని ఏదో చూపించే యాప్ తెరిచి ఫోన్ నా ముఖం ముందు పెట్టి, ఎంతో అమాయకంగా.

నాకు నవ్వొచ్చింది. నా మెడలో పసుపుతాడు ఇంకా రంగు పోలేదు. తను ఏం చేసినా ముద్దొచ్చే రోజులివి. హెల్మెట్ తీస్తే నిక్కబొడుచుకునే జుట్టు ముద్దు. డెయిరీ ఆఫీసు నుంచి వస్తూ కాగితంలో చుట్టి తెచ్చే కనకాంబరాలు ముద్దు. "మనిద్దరమే ఉన్నప్పుడు మీరు గీరు ఏంది, నువ్వు అను" అని చెవిలో చెప్పిన రోజైతే నాకు రాత్రంతా నిద్రే రాలేదు. పుంగనూరులో ఈ మేడ మీది అద్దె ఇల్లు, దాని పచ్చరంగు కిటికీ, కిటికీలో నేను పెట్టుకున్న పుదీన కుండీ, అన్నీ నావే అని రోజుకోసారి ముట్టుకుని చూసుకునేదాన్ని. అందుకే నవ్వేశాను. కాలిన పాలచారలను పీచుతో గీకుతున్నప్పుడు మాత్రం ఆ నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

ఆ యాప్ తెచ్చింది నేనే. గిరీష్ అక్క శోభ వదినవాళ్ళకు మదనపల్లెలో టమాటా మండీ ఉంది. ఎండాకాలం వస్తే సరుకు కుప్పలు తెప్పలుగా దిగుతుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తెల్లారకముందే మార్కెట్లో ఉండాలి. అందుకని సెలవులకు పిల్లలిద్దరినీ మా ఇంట్లో దింపి వెళ్ళింది. నీలిమ ఆరో తరగతి, పునీత్ మూడు. "కూర్చోబెట్టి తినిపీయద్దు ఝాన్సీ, పనులు చెప్పు," అని వదిన మరీ మరీ చెప్పింది. చెబితే ఎవరు కదులుతారు? చెరో ఫోన్ పట్టుకుని చెరో మూల చేరేవారు. అప్పుడు దొరికింది ఇది. పెద్దలు పని అప్పజెప్పాలి, పిల్లలు చేసి మీట నొక్కాలి, పెద్దలు చూసి బాగుందంటే ఒక నక్షత్రం గలగలమంటూ రాలుతుంది. కొన్ని నక్షత్రాలు కూడితే మనం చెప్పిన బహుమతి. పునీత్ తన కంచం తనే కడిగి, నక్షత్రం రాలగానే ఇల్లంతా గంతులేశాడు. నేనూ వాడితో పాటు గంతులేశాను.

మర్నాడే వాడడిగాడు, "మామ యాల చెయ్యడు?" అని.

గిరీష్ పడీపడీ నవ్వి, "అదీ న్యాయమే రా. నన్నూ ఏసుకోండి," అన్నాడు. పిల్లల ఖాతాకు వయసు పన్నెండు దాటకూడదని యాప్ ఒప్పుకోకపోతే తనే తొమ్మిదని కొట్టాడు. ముగ్గురు పిల్లలు, ఒక పెద్ద. ఆ పెద్దను నేను.

మొదటి వారం గాల్లో తేలాను. లుంగీ ఎగ్గట్టి చీపురు పట్టుకున్న మొగుడిని చూడడం ఎంత బాగుంటుందో నా స్నేహితురాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పాను. నిమ్మనపల్లెలో ఉండే మా అత్త శాంతకుమారికి మాత్రం పునీతే చెప్పేశాడు. "నా దగ్గరున్నన్నాళ్ళూ తాగిన గ్లాసు తీసినోడు కాదు నా కొడుకు. బోకులు తోమతాండాడా? నీ అదృష్టం ఎవురికీ రాదు పిల్లా," అందామె. అది మెప్పో ఎత్తిపొడుపో తేల్చుకోలేక "అవునత్తా" అన్నాను. శోభ వదినేమో, "పిల్లోళ్ళతో పిల్లోడయిపోయినాడు చూడు మా తమ్ముడు, ఎంత మంచోడో!" అని మురిసిపోయింది.

మంచివాడే. పని చెయ్యనని ఒక్కసారీ అనలేదు. అదే చిక్కు, అనుంటే పోట్లాడేదాన్ని. కానీ ఆ ఫోన్లోకి పనులు వాటంతట అవి రావు కదా. కళ్ళు తెరవగానే, ఇంకా పక్క మీదే, ఈ రోజు ఇంట్లో ఏమేం ఉన్నాయో నేను తలుచుకోవాలి. ఏది ఎవరికి తగునో విడదీయాలి, ఎక్కించాలి, గుర్తుచెయ్యాలి. చేసింది చూడాలి. జిడ్డు పోని గిన్నెను తను చూడకుండా మళ్ళీ తోమాలి. తర్వాత మెచ్చుకోవాలి, అదీ ముగ్గురినీ సమానంగా, లేకపోతే పునీత్ కన్నా ముందు గిరీష్ అలుగుతాడు. ఫోన్లో లేని పని మా ఇంట్లో ఉన్నట్టే కాదు. గ్యాస్ అయిపోవచ్చింది, పాలకు తోడు వెయ్యలేదు, నీళ్ళ టాంకు నిండి కారిపోతోంది, ఇవన్నీ నా ఒక్కదాని కళ్ళకే కనిపించేవి. ఆ నెలంతా నేను నిద్రలో కూడా పనులు పంచుతూనే ఉన్నాను. ఒకరోజు నీలిమ బట్టలన్నీ మడత పెట్టి మీట నొక్కడమే మరిచిపోయింది. "ఏం లేదులే అత్తా," అంది. ఆ మాట నాది. పదకొండేళ్ళ నోట్లో అది విని, దాని ఫోన్ తీసుకుని నేనే మీట నొక్కాను.

అంతలో మదనపల్లె నుంచి పిలుపు వచ్చింది. కుప్పంలో ఎమ్మెస్సీ లెక్కలు పూర్తిచేసినప్పటి నుంచి ఎదురుచూసిన పిలుపు. ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం, ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. "నువ్వు నిమ్మళంగా పోయిరా. ఇల్లు నేను సూసుకుంటా," అన్నాడు గిరీష్. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. టమాటా బుట్టలతో ఎదురొస్తున్న ప్రతి వ్యానుకూ చెయ్యి ఊపాలనిపించింది.

సుద్దముక్క చేతిలోకి తీసుకోగానే నా ఒళ్ళు తేలికైపోయింది. బోర్డు మీద గీసిన వక్రరేఖ గీతకు దగ్గరవుతూ, దగ్గరవుతూ, ఎన్నటికీ దాన్ని తాకకుండా ఎలా సాగిపోతుందో చెబుతుంటే ముందు వరుస పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. టైము చూసుకోవడానికని ఫోన్ను బల్ల మీద, ప్రిన్సిపాల్ మేడమ్ ఎదురుగా పెట్టాను. అది వణికింది. ఆగి మళ్ళీ వణికింది. పేడపురుగులా బల్ల మీద జరుగుతూ ఆవిడ మోచేతి దాకా పోయింది. తెర మీద పెద్ద అక్షరాలు: మీ బిడ్డ గిరీష్ పని పూర్తి చేశాడు. మెచ్చుకోండి! దాని కింద ఇంకొకటి: మీ బిడ్డ గిరీష్ మీకోసం ఎదురుచూస్తున్నాడు.

"బిడ్డ ఎదురుసూస్తాండాడంట, సూసుకోమ్మా," అన్నారావిడ, ప్రేమగానే. పాఠం అయ్యాక గదిలోకి పిలిచి, "బాగా చెప్పినావు. అయితే అంత చిన్నబిడ్డను పెట్టుకోని దినమ్మూ పుంగనూరు నుంచి ఎట్ల వస్తావు? ఇంకో అమ్మాయి కూడా వచ్చిపోయింది. ఇంట్లో మాట్లాడుకోని సాయంత్రానికి చెప్పు," అన్నారు.

ఆ బిడ్డకు మీసాలున్నాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సరే మేడమ్ అని తలవంచుకుని వచ్చేశాను.

దారిలో వాన పట్టుకుంది. ఇంటికి వచ్చేసరికి మిద్దె మీద పొద్దున ఆరేసిన బట్టలన్నీ తీగ మీదే నీళ్ళు కారుతున్నాయి. గుమ్మంలోనే గిరీష్ ఎదురొచ్చాడు. "యాల మెచ్చుకోలేదు నువ్వు? బోకులన్నీ తోమినాను. ఈ పునీత్ గాడు నన్ను దాటిపోయినాడు!"

"గుడ్డలు తడుస్తాండాయి."

"నువ్వు చెప్పలేదే."

కాలేజీలో జరిగింది చెప్పాను. తను కడుపు పట్టుకుని నవ్వాడు. "మా బిడ్డ బంగారం అని చెప్పాల్సింది!" నేను నవ్వకపోయేసరికి దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "చెప్తే చేస్తాను కదా ఝానూ. నేనెప్పుడన్నా కాదన్నానా? నువ్వు చెప్పల్ల, అంతే."

నేను కుర్చీలో కూర్చుని యాప్ తెరిచి, బయటికి పోయే దారి వెతికాను. కుటుంబంలో కనీసం ఒక పెద్ద ఉండాలి, మీ స్థానంలో మరొకరిని ఎంచుకోండి అంది అది. ఎంచుకోవడానికి ముగ్గురూ పిల్లలే. గిరీష్ పేరు మీద నొక్కి, తొమ్మిది తీసేసి ఇరవై తొమ్మిది అని కొట్టాను. పెద్దలకు నక్షత్రాలు ఉండవు, గెలిచినవన్నీ పోతాయి, సరేనా అని అడిగింది.

"ఏయ్, ఏయ్, నా చుక్కలు! ఇంకొంచెం అయితే సినిమా!" తను సగం నవ్వుతూ, సగం నిజంగానే, ఫోన్ అందుకోబోయాడు.

నేను సరే నొక్కాను.

"మామ ఔట్!" అని పునీత్ చప్పట్లు కొట్టాడు. నీలిమ మాత్రం నా వైపు చూసి, "ఇంగ మామ చేసే పని ఎవురు సూస్తారత్తా?" అంది.

"పెద్దోళ్ళు చేసే పని ఎవురూ సూడరు నీలిమా," అన్నాను.

గిరీష్ ముఖంలో నవ్వు నెమ్మదిగా దిగిపోయింది. నేను నా స్థానంలో తనను పెద్దగా ఎంచుకుని, యాప్‌లోని ఆ కుటుంబంలోంచి బయటికొచ్చి, వాళ్ళందరూ వింటుండగానే మదనపల్లెకు ఫోన్ చేశాను.

"నాకు బిడ్డలు లేరు మేడమ్. ఆ గిరీష్ మా ఆయన."

అటువైపు ఆవిడ గొంతు తగ్గించి, "మా ఇంట్లో బిడ్డ పోయిన నెలే రిటైరయినాడు లేమ్మా. సోమవారం వచ్చెయ్," అన్నారు.

ఫోన్ పెట్టేశాను. హాలు మధ్యలో గిరీష్ చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. కోపం లేదు తనకు, కొత్తచోట దిగినవాడిలా ఉన్నాడు. "సరే. ఇప్పుడు నేనేం చెయ్యల్లో చెప్పు," అన్నాడు.

తడిబట్టలు, రాత్రికి బియ్యం, కారిపోతున్న టాంకు, అన్నీ నా నాలుక చివరికి వచ్చి వరుసగా నిలబడ్డాయి. వాటిని అక్కడే ఉంచుకుని, సోమవారం చెప్పాల్సిన పాఠం తెరిచాను. ఒక పేజీ తిప్పాను, ఇంకొకటి తిప్పాను. తను ఇంకా నిలబడే ఉన్నాడు. నేను తలెత్తలేదు.