లోపలి గడియ

పెళ్ళయి ఇరవై రెండు రోజులు. భర్త మొదటిసారి ఆరోగ్య కేంద్రంలోని తన క్వార్టర్సుకు వచ్చాడన్న సంబరంలో నర్సమ్మ కాలు నేల మీద నిలవడం లేదు. అతను మాత్రం వచ్చీ రాగానే పెరుగు గిన్నె తీసుకెళ్ళి పక్కగదిలోని టీకాల ఫ్రిజ్‌లో పెట్టాడు.

"ఏవండీ! అది పిల్లల మందుల పెట్టె. మూత ఊరికే తెరిస్తేనే నా గుండె గుభేలుమంటుంది!"

"మరి మన ఫ్రిజ్ ఏదీ?"

"మన ఫ్రిజ్ అట!" గుమ్మంలో ఆయా పకపకా నవ్వింది. "కొత్తమ్మా, ముందు మీ ఆయన్ని ఓ చోట కూర్చోబెట్టు."

ఆ ఆరోగ్య కేంద్రానికి వచ్చిన ప్రతి నర్సూ ఆయాకు కొత్తమ్మే. ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయేవాళ్ళ పేర్లు నేర్చుకుని ఏం చేసుకోవాలని ఆమె వాదన. ఈమె ఐదో కొత్తమ్మ, వచ్చి ఎనిమిది నెలలు. ఈమె సంచిలోనూ రాజీనామా కాగితం సిద్ధంగా ఉంది. పట్నంలో, భర్త పనిచేసే బడికి దగ్గర్లో, పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి.

వెళ్ళాలనే ఉంది. కానీ ఆ ఉదయమే ఒక తల్లి ఇద్దరు పిల్లల టీకా కార్డులూ చాపింది. పెద్దదాని కార్డులో గడికో నర్సు చేతిరాత. చంటిదాని కార్డులో మూడు గళ్ళూ తన రాతే. అప్పట్నుంచీ మనసు పీకుతోంది.

స్నానానికి లేస్తూ అలవాటుగా బల్లను తలుపుకు అడ్డంగా లాగింది. భర్త తెల్లబోయాడు.

"ఇదేమిటి?"

"లోపల గడియ లేదుగా."

"నేనున్నానుగా!"

"మర్చేపోయానండీ" అని నాలుక కరుచుకుంది.

అతను నేలకేసి చూశాడు. గచ్చు మీద బల్లకాళ్ళు గీసిన నెలవంకలు, ఒకదాని మీద ఒకటి. ఎనిమిది నెలల్లో పడే గీతలు కావవి.

"నీకు ముందున్న నలుగురూ దీన్ని లాగారా?"

"లాగే ఉంటారు. నేనైతే గడియ కోసం నాలుగుసార్లు పైవాళ్ళకి రాశాను. ఎందుకు వెళ్ళిపోతున్నావని అడుగుతారే గానీ, ఏముంటే ఉంటావని ఎవరడిగారు?"

అతను చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. గంటలో గడియతో తిరిగొచ్చాడు. డ్రాయింగు మాస్టారి చేతికి స్క్రూలు లొంగుతాయా? గడియ వంకరగా కూర్చుంది. అయినా పడింది. ఠక్కుమన్న ఆ చప్పుడు కోసం ఆమె మూడుసార్లు తీసి వేసింది.

"సరే, నేనడుగుతున్నా. ఏముంటే ఉంటావు?"

ఆమె సంచి దగ్గరికి లాక్కుంది. రాజీనామా కాగితం తీసి, వెనక్కి తిప్పి రాయసాగింది. కుళాయికి నీళ్ళు. నెలకు నాలుగు రోజులు నా బదులు ఇంకో మనిషి. ఇద్దరు నిలబడే వంటగది.

"ఇద్దరా?" అతని ముఖం వెలిగింది.

"శని, ఆదివారాలకి. మీ పెరుగుకి ఫ్రిజ్ కూడా రాయనా?"

"మరి పట్నం ఉద్యోగం?"

"ఇంకెవరికైనా ఇస్తారు. ఈ కాగితం ఇలాగే పంపిస్తా, రెండు వైపులా చదువుకుంటారు. ముందువైపు తేదీ మాత్రం వేయను. మూడు నెలలు చూస్తా, ఇవేవీ రాకపోతే అప్పుడు తేదీ పంపుతా."

తలుపు దబదబా మోగింది. గడియ ఇరుక్కుపోయింది. మొగుడూ పెళ్ళాం నవ్వుకుంటూ లాగుతుంటే బయటినుంచి ఆయా గొంతు వినిపించింది.

"మూడు నెలలన్నావు, విన్నాలే కొత్తమ్మా! అవి గడవనీ, నీ పేరు అప్పుడడుగుతా."