మంచె మీద మనిషి ఉన్నట్టే

నేను ఒక రేడియోను. అలాంటి ఇలాంటి రేడియోను కాదు లెండి. నెత్తిన సోలార్ పలక, పక్కన తిప్పే పిడి. ఎండ ఉంటే ఎండ తాగి మాట్లాడతాను, లేకపోతే ఎవరో ఒకరు చెయ్యి నొచ్చేదాకా పిడి తిప్పాలి. బ్యాటరీలు కొననక్కర్లేదు, కరెంటు ముఖం చూడనక్కర్లేదు. కరెంటు ముఖం చూడకపోవడం ఎంత అదృష్టమో నాకు తెలిసినంతగా ఇంకే రేడియోకూ తెలియదు. అది చెప్పడానికే నోరు తెరిచాను. ఆ నోరు కూడా ఇప్పుడు సగమే మిగిలింది, సర్దుకుని వినండి.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. ప్లాస్టిక్ వాసన, హడావిడిగా మరలు బిగించే వేళ్లు, అంతకు మించి జ్ఞాపకం లేదు. నన్ను మొదట కొన్నది హైదరాబాదులో ఒక పెద్ద ఇంటాయన. తుఫానో భూకంపమో వస్తే పనికొస్తానని కొని, అట్టపెట్టెలోంచి తీయకుండానే అల్మారాలో దాచాడు. సోలార్ రేడియోను చీకట్లో పెట్టిన మహానుభావుడు! ఆ ఇంటి వాచ్‌మన్ దుబ్బరాజం పని మానేసి ఊరికి వెళ్లిపోతుంటే, పాత చొక్కాలతో పాటు నన్నూ ఇచ్చి పంపారు. ఎండ ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

రాజం ఊరు నిర్మల్ దగ్గర, అడవి అంచున. ఆయన మక్క చేను, అదే మొక్కజొన్న చేను, అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. అడవి పందుల గుంపు దిగిందంటే చేను చేనంతా నేల మీద పరుచుకుపోతుంది. కాపలాకు చేను నడుమ కర్రల మంచె కట్టుకున్నాడు. అక్కడ ఫోనుకు సిగ్నల్ లేదు, దీపానికి కరెంటు లేదు. రాజం నన్ను మంచె గుంజకు వేలాడదీసి, "మనిషి గొంతుంటె పందులు రావు. నువ్వు వాగుతనే ఉండు" అన్నాడు. వాగడం నాకు ఒకరు నేర్పాలా?

మొదట్లో పందులు నిజంగానే భయపడ్డాయి. తర్వాత వాటికి అర్థమైంది. ఈ గొంతు రాయి విసరదు, కుక్కను ఉసిగొల్పదు. ఒక సాయంత్రం రైతుల కార్యక్రమంలో పందుల బెడద తప్పించుకునే ఉపాయాలు నేను చెబుతూ ఉండగానే, అవి నా కిందే నిలబడి కంకులు విరుచుకు తిన్నాయి. రాజం భార్య ముత్తవ్వ పడీ పడీ నవ్వింది. "నీ కంటె పందులే హుషారున్నయ్" అని మొగుణ్ని ఆటపట్టించింది. ఆ తర్వాత మొగుడూ పెళ్లాలే వంతులు వేసుకుని కాపలా కాశారు. నన్ను మాత్రం తోడుగా ఉంచుకున్నారు.

పక్క చేను సాయిలుది. రాజానికి చిన్నాయన కొడుకు, వరసకు తమ్ముడు. సాయిలుకు కాపలా అంటే బద్ధకం. తన బోరు మోటారు దగ్గరి కరెంటును బోడి తీగకు తగిలించి, చేను చుట్టూ మోకాలి కంటే తక్కువ ఎత్తులో కట్టాడు.

"గట్టు మీద మనుషులు నడుస్తరు. తీగ తీసెయ్ తమ్మీ" అన్నాడు రాజం.

"చూసి నడువుమను" అన్నాడు సాయిలు.

ముసురు పట్టిన ఒక సాయంత్రం పంది ఒకటి చేలో పడింది. రాజం నన్ను భుజానికి తగిలించుకుని దాని వెంట పరుగెత్తాడు. సాయిలు చేను మూల దగ్గర ఆయన కాలు తీగకు తగిలింది. అరవలేదు. ఒళ్లంతా బిగుసుకుని, పళ్లు కరుచుకుని, గడగడా వణికి బోర్లా పడ్డాడు. పడ్డాక కూడా తీగ చుట్టుకున్న కాలు కొట్టుకుంటూనే ఉంది. మాంసం కాలిన వాసన. నేను బురదలో పడి వాగుతూనే ఉన్నాను. ఏం వాగానో తెలుసా? పెసర చేనుకు ఎంత ఎరువు వెయ్యాలో. నా మీద నాకే అసహ్యం పుట్టింది.

సాయిలు వచ్చాడు. కరెంటు ఆపి, తీగ చుట్టేసి, శవాన్ని కాళ్లు పట్టి ఈడ్చుకుంటూ రాజం గట్టు మీదికే తెచ్చి పడేశాడు. నా మీట నొక్కి నోరు మూసి, శవం పక్కన పెట్టాడు. అన్నను పాము కుట్టిందని ఊళ్లోకి ఏడుస్తూ పరుగెత్తాడు. పొద్దస్తమానం వాగే నాకు, కళ్లారా చూసిన ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు లేదు.

శవానికి స్నానం చేయిస్తూ ముత్తవ్వ చూసింది. కాలి గిలక చుట్టూ నల్లగా కాలిన గీత, కడియం తొడిగినట్టు.

"పాము కుడితె గాట్లుంటయి. కడియం పడదు" అంది.

ఎవరూ వినలేదు. దుఃఖంలో ఏదో అంటోందని పెద్దమనుషులు దగ్గరుండి పాతిపెట్టించారు. సాయిలు మళ్లీ తీగ కట్టుకున్నాడు. ముత్తవ్వ ఊరుకునే మనిషి కాదు. ఠాణాకు పోయింది, తహశీల్దారు దగ్గరికి పోయింది, చెప్పులు అరిగేలా తిరిగింది. చివరికి బొంద తవ్వి శవాన్ని డాక్టరుకు చూపించడానికి ఆర్డరు సంపాదించింది. ఆ కబురు ఊళ్లో పొక్కిన రోజే సాయిలు గొడ్డలి నూరాడు. ఎంత బాగా నూరాడో నా ఒంటికి తెలుసు.

ఆ సాయంత్రమూ ముసురే. ఎండ లేక నా గొంతు నీరసించింది. ముత్తవ్వ పిడిని గిరగిరా తిప్పింది. మంచె మీద పొట్టు బస్తాకు రాజం గొంగడి కప్పి, వానకు తడవకుండా నన్ను ఆ గొంగడి లోపల పెట్టింది. పందులు నమ్మవని ఆమెకూ తెలుసు. "ఉండనీ, మనిషున్నట్టు ఉంటది" అని తనలో తనే అనుకుని, పిట్టల్ని కొట్టే వడిసెలా, ఒడి నిండా రాళ్లూ తీసుకుని చేను అవతలి మూలకు పోయింది.

కాసేపటికి మంచె నిచ్చెన కిర్రుమంది. సారా వాసన, వగర్పు. అప్పుడు నేను ఆడమనిషి గొంతుతో వార్తలు చదువుతున్నాను. మొదటి వేటు గొంగడిని చీల్చి నా సోలార్ పలకను రెండు ముక్కలు చేసింది. రెండోది నా నోట్లో సగం ఎగరగొట్టింది. మూడోది బస్తాలో దిగింది. నెత్తురుకు బదులు పొట్టు లేచి సాయిలు ముఖాన పడింది. నేను మాత్రం ఆగలేదు. మిగిలిన సగం నోటితో వార్తలు చదువుతూనే ఉన్నాను. వాడు గొంగడి లాగి చూశాడు. పందులు ఎప్పుడో కనిపెట్టిన సంగతి, ఆ మనిషికి నరికితే గాని తెలియలేదు.

అప్పుడే మక్కల నడుమ నుంచి రాయి వచ్చింది. వడిసెల రాయి. సాయిలు నొసలు పగిలి, మంచె మీది నుంచి వెల్లకిలా కింద పడ్డాడు. లేచాడు. రెండో రాయి వీపున తగిలింది. గొడ్డలి మంచె మీదే వదిలేసి, కళ్లలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ తన చేను వైపు పరుగు తీశాడు. ముత్తవ్వ మూడో రాయి వడిసెలలో పెట్టి తిప్పుతూ వెంటపడింది.

వాడు పరుగెత్తుతున్నది సరిగ్గా రాజం పడిన మూలకే. తీగ అక్కడే ఉంది. కట్టింది వాడే, కానీ ఆ నెత్తుట్లో, ఆ వానలో వాడికి కనబడటం లేదు. ముత్తవ్వకు కనబడింది. తిప్పుతున్న చెయ్యి ఆగింది. పోనీ, అనుకున్నాను నేను. అబద్ధమెందుకు, పడి మాడి చావనీ అనుకున్నాను.

"ఆగురా సాయిలూ. ముంగట నీ తీగనే ఉన్నది."

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. వాడు వెనక్కి బురదలో కూలబడ్డాడు.

"ఎందుకాపినవ్ వదినె?" అన్నాడు ఏడుస్తూ.

"నువ్వు సస్తె నా మొగడు పాము కుట్టి సచ్చినట్టే ఉంటది. బతుకు. బతికి నీ నోటితోని చెప్పు."

గొడ్డలి పట్టిన ఆ చేతి వేళ్లను కాలితో తొక్కిపట్టి, ఊరివాళ్లు వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడింది. వాడు ఎంత మొత్తుకున్నా కాలు తీయలేదు.

బొంద తవ్వారు. పాము కాదు, కరెంటేనని డాక్టరు చెప్పాడు, సాయిలూ చెప్పాడు. నన్ను సాక్ష్యమని ఠాణాకు తెచ్చి, మెడకు చీటీ కట్టి, సామాన్ల గదిలో ఆ గొడ్డలి పక్కనే పెట్టారు. మా ఇద్దరికీ మాటల్లేవు.

మొన్న ముత్తవ్వ వచ్చింది. నన్ను ఇమ్మని అడిగింది.

"పలిగిన డబ్బాతోని ఏం జేస్తవవ్వా? కొత్తది కొనుక్కో" అన్నాడు కానిస్టేబులు.

ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని పిడి తిప్పింది. చెయ్యి నొచ్చేదాకా తిప్పింది. నేను శాయశక్తులా ప్రయత్నించాను. గరగర తప్ప ఏమీ రాలేదు.

"సూసినవా, మాట రాదు" అన్నాడు కానిస్టేబులు.

"మాట రాకున్నా సరే బిడ్డా. సప్పుడైతె వస్తుంది గద. ఇంట్ల మనిషున్నట్టు ఉంటది."

కోర్టు కాగితం ఉంటే గాని ఇవ్వడం కుదరదన్నాడు అతను. ఆమె తలూపి, కొంగుతో నా మీది దుమ్ము తుడిచి, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది. ఆమె తిప్పిన బలంతో నేను చాలాసేపు గరగరమంటూనే ఉన్నాను. కానిస్టేబులు నన్ను ఆపలేదు.