ఒత్తు గురప్ప

మహదేవపురలో మా లేఔటు తెలుగువాళ్ళకు నెలనెలా ఒక పత్రిక వస్తుంది. అందులో కళాకారులను పలకరించి రాసే పని నాది. జీతం లేదు కాబట్టి నన్ను తీసెయ్యడానికీ వీల్లేదు. ఇంతవరకు ఒక వీణ టీచరమ్మను, ఒక తోలుబొమ్మలాయనను, సినిమాలో పులివేషం కట్టానని చెప్పుకునే ఒక దర్జీని పలకరించాను. ఏ సినిమా అని మాత్రం అడగలేదు.

ఈసారి కాడుగోడి నాదస్వర విద్వాన్ గురప్ప వంతు. పదింటికి రమ్మని ఫోన్‌లో చెప్పాడు. స్టేషన్ దగ్గర పూలంగడిలో ఇల్లెక్కడని అడిగాను.

"ఏ గురప్పప్పా? ఒత్తు గురప్పా?" అంది పూలంగడామె.

మా పల్లె బడిలో ఒత్తు మరిచిపోతే పంతులు వేళ్ళమీద కొట్టేవాడు. పూలంగడిలో కూడా అక్షరదోషాలు పట్టించుకుంటున్నారని నాకు ముచ్చటేసింది.

"అవునమ్మా, పకారానికి ఒత్తుండే గురప్పే" అన్నాను.

ఆమె నన్నొకలాగ చూసి రెండో సందు చూపించింది.

తలుపు తీసిన మనిషికి అరవై దాటి ఉంటాయి. పత్రిక నుంచి వచ్చానంటే రెప్ప వేయలేదు.

"నాతోనా మాట్లాడేది?"

"గురప్ప గారు మీరేగా?"

"నేనే. సొన్నా, బేగ కాఫీ పెట్టు! పేపరాయన వచ్చుండాడు!"

లోపలికి పోయి జరీ అంచు కండువా వేసుకుని వచ్చాడు. భార్య సొన్నమ్మ నాకు కాఫీ ఇస్తూ మెల్లగా అంది. "నలభై ఏండ్లుగా ఊదుతా ఉండాడప్పా ఈయన. ఒక్కరన్నా వచ్చి ఒక మాట అడిగింది లేదు. బాగా రాయి."

కాగితం తీసి, ఇష్టమైన రాగం ఏదని అడిగాను.

"రాగాలన్నీ నా ముందర బస్సుల మాదిరి పోతాయప్పా. నేను స్టాపు మాదిరి నిలబడుకోనుంటాను."

వేదాంతమనుకుని రాసుకున్నాను. శ్రుతి గురించి అడిగితే ఉత్సాహం వచ్చింది.

"స్టేషన్ పక్కన ఒక పెండ్లి. రైలు కూసింది, నా శ్రుతికంటే రవ్వంత కింద. డ్రైవరు రైలు నిలిపి, దిగొచ్చి, తప్పయిందని చెప్పి కూత సరిచేసుకోని పోయినాడు."

"ఆ రైలు నేనెక్కాను. కూత బాగానే ఉంది" అన్నాను.

సొన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కొంచెం వాయించమన్నాను. గూట్లోంచి పొడవాటి గొట్టం తీశాడు. బుగ్గలు పొంగాయి, ఒక స్వరం వచ్చింది. నేను రెండోదాని కోసం చూశాను. రాలేదు. గొట్టానికి వేళ్ళు పెట్టే రంధ్రాలే లేవు.

"అంతేనా?"

"ఒత్తంటే ఇదే గదప్పా. విద్వాన్ వాయిస్తా ఉంటే పక్కన శ్రుతి పట్టేది."

అంతలో ఫోన్ మోగింది. చెవులు మందగించి నా ఫోన్ ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది.

"ఎక్కడుండావప్పా? పదింటి నుంచి కాచుకోనుండాను."

"అన్న గొంతు" అన్నాడు గురప్ప.

వాళ్ళు అన్నదమ్ముల బిడ్డలనీ, ఇద్దరికీ తాత పేరే పెట్టారనీ, ఊళ్ళో పెద్దాయనను వాద్యం గురప్ప, ఈయనను ఒత్తు గురప్ప అంటారనీ సొన్నమ్మ చెప్పింది. ఈయన కండువా తీసి మడతపెట్టసాగాడు.

"నాలుగిండ్లవతలే. పోయిరాప్పా. నన్ను గురించి రాసిందంతా కొట్టెయ్."

నాకు అబద్ధాలు తొందరగా వస్తాయి. ఆ పూట ఒక్కటీ రాలేదు. జరిగింది జరిగినట్టు ఫోన్‌లో విద్వాన్‌కు చెప్పాను. విని ఫోన్ పెట్టేశాడు. రెండు నిమిషాల్లో విద్వాన్ గుమ్మంలో ఉన్నాడు. తమ్ముడి చేతిలో కండువా మడతను చూసి, వచ్చి చాపమీద కూర్చున్నాడు. నేను కాగితం ఆయన వైపు తిప్పాను.

"ముందర వాణ్ని అడుగప్పా. వాడు శ్రుతి పట్టకుండా నేనెప్పుడన్నా మొదలుపెట్టినానా?"

"సుమ్మనుండన్నా, నా సంగతెందుకిప్పుడు" అన్నాడు ఒత్తు గురప్ప.

"నువ్వు కానీరా."

ఒత్తు గురప్ప నా వైపు చూశాడు. నేను పెన్ను మూత తీశాను. గొంతు సవరించుకుని, హొసకోటె పెండ్లిలో కరెంటు పోతే తన స్వరం ఆధారంగానే పెండ్లికొడుకు చీకట్లో సరైన పెండ్లికూతురి పక్కన కూర్చున్న సంగతి ఎత్తుకున్నాడు. దాని తర్వాత ఇంకొకటి, దాని మీద మరొకటి. విద్వాన్ పక్కన కూర్చుని, ఎక్కడా ఆపకుండా ఊఁ కొడుతూనే ఉన్నాడు.