చెంబెడు బోరు నీళ్లు

మా కారుకు ఇరవై రెండేళ్లు. చూసినవాళ్లంతా పాతసామాన్లవాడికి ఇచ్చేయమంటారు. చెప్పేవాళ్లకేం? ప్రతి మంగళవారం, శుక్రవారం మా నాయనను మా ఊరు చాకవేలు నుంచి చిక్కబళ్లాపురానికి డయాలసిస్‌కు తీసుకుపోయేది వాళ్లు కాదు కదా. మొదట్లో బాడుగ కారు పెట్టుకున్నాం. పోయిన ఏడు పెళ్లిళ్ల కాలంలో ఒక శుక్రవారం డ్రైవరు రానేలేదు. మర్నాటికి నాయన ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆరోజు పడ్డ భయం బతికున్నంతకాలం మరచిపోను. నెల తిరక్కుండా ఈ కారు కొని, నడపడం నేర్చుకున్నాను.

మా నాయన వెంకటరాయప్ప నలభై ఏళ్లు ఆవులను మేపినవాడు. నోరులేనిదానికి నీళ్లు పెట్టనిదే తను గుక్కెడు కాఫీ తాగడు. ఆవులను అమ్మేశాక ఆ మర్యాద కారుకు దక్కింది. పొద్దున్నే బోరు దగ్గర చెంబు నింపుకొచ్చి, బానెట్ ఎత్తి రేడియేటర్‌లో పోసేవాడు. ఆయన మాత్రం కాఫీతో కలిపి రోజుకు లీటరుకు మించి తాగకూడదని డాక్టరు చెప్పాడు. ఆ చెంబును ఆయన వంచే తీరు చూసి మురిసిపోయేదాన్ని. అక్కడే నా బుద్ధి గడ్డి తినింది.

ఆ మంగళవారం మండికల్‌కు తిరిగే దారి దగ్గర బానెట్ కింద నుంచి ఆవిరి బుసబుసా లేచింది. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత ఎక్కి కూర్చుంది. టమోటాల వ్యాను ఆపి, డ్రైవరును బతిమాలి, నాయనను ముందు సీట్లో ఎక్కించి ఆస్పత్రికి చేర్చాను. సాయంత్రం కారుకు తాడు కట్టించి బాగేపల్లిలో మెకానిక్ అమరేష్ షెడ్డుకు లాగించాను. శుక్రవారానికి మధ్య రెండు రోజులే ఉన్నాయి.

అమరేష్ బానెట్ ఎత్తి ఒక్కసారి తొంగిచూశాడు.

"హెడ్ గాస్కెట్ పోయింది పంకజక్కా. ఇంజన్ విప్పాల. పది దినాలు పడతాది. ఇంత పాత బండికి అదంతా ఎందుకు, అమ్మేసేయ్."

"విప్పకముందే పోయిందని నీకు కనపడిందా?"

"బండి వేడెక్కిందంటే అదే కదక్కా."

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఇంజనులోంచి ఆయిల్ చూసే కమ్మి లాగి అతని ముఖం ముందు పెట్టాను. నడపడం నేర్పినాయన్ను అడిగి ఆ మాత్రం తెలుసుకుని పెట్టుకున్నాను.

"గాస్కెట్ పోయి నీళ్లు కలిసింటే ఆయిల్ మజ్జిగ మాదిరి అయిండాల కదప్పా? ఇది నల్లగానే ఉండాది. తెల్ల పొగ కూడా రాలేదు. నీళ్లు నింపి స్టార్ట్ చేసి, రేడియేటర్ పైన, కింద తడిమి చూడు."

కాసేపు ఇంజన్ తిరిగాక అతను చేతికి బట్ట చుట్టుకుని తడిమాడు. పైభాగం కాలుతోంది, కిందిభాగం చల్లగా ఉంది. అమరేష్ తల గోక్కున్నాడు.

"నీళ్లు కిందికి దిగలేదక్కా. లోపల పూడిపోయిండాది. దీన్ని తెరిచి కడిగేవాళ్లు ఈడ లేరు. చింతామణిలో మునిశామప్ప ఉండాడు."

"అయితే ఊడదీసి నాకియ్యి."

బుధవారం రేడియేటర్‌ను గోనెసంచిలో వేసుకుని చింతామణి బస్సెక్కాను. కండక్టరు "ఏనమ్మా అదు?" అని కన్నడంలో అదేమిటని అడిగితే "కారు" అన్నాను. నా ముఖం చూసి మళ్లీ అడగలేదు.

మునిశామప్ప డెబ్బై దాటిన మనిషి. అతుకుల మీద మంట ఆడించి పైమూత ఊడదీశాడు. లోపల సన్నటి గొట్టాల నిండా తెల్లటి సున్నం గడ్డకట్టి ఉంది. కమ్మి దూర్చి గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. మా ఇంట్లో నీళ్లు కాచే అండా అడుగున పట్టేదీ అదే.

"ఎవరమ్మా దీనికి బోరు నీళ్లు పోసింది?"

"మా నాయన. దినామూ."

"దినామూ తాగేదానికి ఇదేమన్నా ఆవా తల్లీ? నీళ్లు తగ్గుతాండాయంటే పోస్తా పోయేది కాదు, యాడికి పోతాండాయో చూడాల." గొట్టం తగిలించే మూతి చుట్టూ ఉన్న తెల్లటి చారను వేలితో చూపించాడు. "ఇదో, ఈడ క్లిప్పు వదులుగా ఉండింది. దినామూ రవ్వంత కారింది. మీరు పోస్తాంటే అది బయటపడలేదు."

సాయంత్రానికి కావాలన్నాను. రెండు రోజుల తర్వాత రమ్మన్నాడు.

"శుక్రవారం మా నాయనకు డయాలసిస్ ఉండాదప్పా. ఇది చేతికి రాందే నేను లేచేది లేదు" అని అక్కడే బల్ల మీద కూర్చున్నాను. ఆయన చేతిలో ఉన్న వేరే పని పక్కన పెట్టాడు.

కడిగిన రేడియేటర్‌తో తిరుగు బస్సులో నాయనను ఏమని తిట్టాలో ఒక్కో మాటా కూడబెట్టుకున్నాను. గురువారం అమరేష్ రేడియేటర్ బిగించాడు. కొత్త గొట్టం, కొత్త క్లిప్పు వేసి, బోరు నీళ్లకు బదులు ఆకుపచ్చ కూలెంట్ నింపాడు. ఈసారి అమ్మేయమనలేదు.

శుక్రవారం పొద్దున నాయన ఎప్పటిలాగే నిండు చెంబుతో కారు దగ్గరికి వచ్చాడు. కూడబెట్టిన తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు.

"వద్దు నాయనా. ఆ నీళ్లకే లోపల పూడిపోయింది."

ఆయన చేతిలోని చెంబు వైపు చూసుకున్నాడు. "నేనేనా చేసింది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. బానెట్ ఎత్తాను.

"ఔను. చూస్తా ఊరుకుండింది నేను. ఇదో, ఈ కూలెంట్ డబ్బా మీద గీత ఉండాది చూడు. దినామూ దీన్ని చూసేది నీ పని. గీత కిందికి దిగితే నాకు చెప్పు, అంతే. పోయొద్దు."

ఆయన వంగి గీతను చాలాసేపు చూశాడు. తర్వాత చెంబు నీళ్లు కనకాంబరం మొక్కకు పోసి వచ్చి కారెక్కాడు.

దారి పొడవునా ఆయన రోడ్డు చూడలేదు, ముల్లునే చూశాడు. మండికల్ దారి దగ్గర నేనూ దానివైపు చూశాను. ముల్లు మధ్యలోనే నిలబడింది. ఆస్పత్రి ముందు ఆపగానే నాయన కారును ఒకసారి తట్టి నా వైపు తిరిగాడు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి, అయినా నవ్వుతున్నాడు.

"మా ఇద్దరిలో ఒకరికైనా దప్పి తీరింది పంకజా" అన్నాడు. తలుపు తానే తీసుకుని దిగి, లోపలికి నడిచాడు.